రంగు నిలవని డ్యాష్‌బోర్డు

ఈమధ్య మా చర్చి సంఘంలోని కుర్రవాళ్లు ఫోన్లలో వీడియోలు చూసి, కారు లోపలి ప్లాస్టిక్ సామానుకు ఇంట్లోనే రంగు వేసుకుంటున్నారు. డబ్బా ఊపి మీట నొక్కితే చాలు, రంగు వచ్చేస్తుంది. కొన్నాళ్లకు ఆ ముక్కే పట్టుకుని మా ఇంటికి వస్తారు.

"ఆంటీ, పొరలు పొరలుగా లేచిపోతోంది. ఏం చెయ్యమంటారు?"

"కడిగావా బాబూ?"

"తుడిచానాంటీ."

కడగడం వేరు, తుడవడం వేరు. ఈ ఒక్క మాట చెప్పీ చెప్పీ అలసిపోయాను. అందుకే కూర్చుని రాసేస్తే మంచిదనిపించింది. పద్ధతి నేర్పడానికి కాదు, అది మీ వీడియోల్లో నాకంటే బాగా ఉంటుంది. ఎన్నిసార్లు వేసినా రంగు పట్టని ఒక డ్యాష్‌బోర్డు మా చేతికి వచ్చింది. దాని మూలంగా ఒక మనిషి పని పోయే దాకా వచ్చింది. అది రాద్దామని.

మాది నేరేడ్‌మెట్‌లో చిన్న ఇల్లు. మా ఆయన పెళ్లికి ముందు నుంచీ కార్ల షెడ్డులో పెయింటరు. స్ప్రే గన్ పట్టుకుంటే ఆయన చెయ్యి ఊయలలా వెళ్లి వచ్చేది, ఎక్కడా తొణికేది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే మాత్రం వినేవారు కాదు. "గుడ్డ కట్టుకుంటే రంగు వాసన తెలియదు, వాసన తెలియకపోతే పలచనో చిక్కనో తెలియదు" అనేవారు. ఆ వాసనంతా ఏళ్ల తరబడి ఛాతీలో చేరి, చివరికి రెండు మెట్లెక్కితే ఊపిరి అందని స్థితికి వచ్చారు. షెడ్డు వాళ్లు మర్యాదగానే పంపించేశారు.

ఆ రోజుల్లో ఒక మెకానిక్ ఆయన మీద గౌరవంతో ఒక కారు తలుపుల లోపలి పలకలు సంచిలో తెచ్చి, "అన్నా, ఇంట్లనే నిమ్మళంగ చెయ్యరాదు?" అని వరండాలో పెట్టి వెళ్లాడు. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పడం, నేను చెయ్యడం. అలా మొదలైంది. నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. అక్షరాలు మా నాన్న బైబిల్ మీద వేలు పెట్టించి ఇంట్లోనే నేర్పారు. ఈ పని మా ఆయన ఇంట్లోనే నేర్పారు. రెండు చోట్లా బాగా తిట్లు తిన్నాను. రెంటికీ దేవునికి స్తోత్రం, అవి రెండే ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టాయి.

రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న కాలం. ఎండలో నిలబెట్టిన కార్లలో నల్లటి ప్లాస్టిక్ బూడిద రంగుకు తిరిగిపోయేది. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు మెకానిక్కు చేత ఊడదీయించి మాకు పంపేవారు. సబ్బునీళ్లలో పాత టూత్ బ్రష్‌తో సందు సందూ కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితం వాటర్ పేపర్‌తో నున్నగా రుద్ది, అడుగుపూతగా ప్రైమర్ కొట్టి, అది ఆరాక రంగు కొట్టాలి. ఇంతే పని. పెరట్లో రేకుల గది చుట్టూ పాత చీరలు తడిపి వేలాడదీసి, నేల మీద నీళ్లు చల్లి, దుమ్ము అణిగాక గన్ పట్టేదాన్ని. ఆ తడి చీరల మధ్య నిలబడి నిలబడి నా కాళ్లకు వచ్చిన పోట్లు ఇప్పటికీ పోలేదు.

పని పెరిగాక పక్క గల్లీ నుంచి ఒకామె తోడు వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లల చదువూ తిండీ ఆమె రెక్కల మీదే. రుద్దడం ఆమె పని. అంత ఓపిగ్గా రుద్దే మనిషిని షెడ్డులో కూడా చూడలేదని మా ఆయనే అన్నారు. నన్ను అక్కా అనేది, ఆయన్ను అన్నా అనేది. చేతులు ఎంత ఆడేవో నోరూ అంతే ఆడేది.

"ఏందక్కా, గీ కార్లల్ల కూసునేటోళ్లకు చేతులూకుంటలేవా? గోర్లతోటి గీకి గీకి పెట్టిండ్రు. పెండ్లాం మీద కోపం డోరు మీద తీసిండేమో!"

ఆమె జుట్టు మాత్రం చూడముచ్చటగా ఉండేది. మోకాళ్ల దాకా జడ. రోజూ పొద్దున్నే గానుగ కొబ్బరినూనె మెరిసేలా పెట్టుకుని, బిగించి అల్లుకుని వచ్చేది. ఆమె గేటు తీస్తే ముందు ఆ వాసన వచ్చేది.

ఒక సోమవారం మారేడ్‌పల్లి నుంచి మా సంఘంలోని పెద్దామె వచ్చారు. రిటైరైన టీచరు, అందరికీ టీచరమ్మే. భర్త ప్రభువు దగ్గరికి వెళ్లాక ఆయన కారు ఇంటి ముందు ఎండకు ఎండి వానకు తడిసింది. నడవలేని ముసలివాళ్లను ఆదివారం ఆరాధనకు తీసుకురావడానికి ఆ కారును సంఘానికి ఇచ్చేస్తున్నారు. వచ్చే ఆదివారమే ప్రతిష్ఠ ప్రార్థన. ఇంజను మెకానిక్ చూసుకున్నాడు. డ్యాష్‌బోర్డు మా దగ్గరికి వచ్చింది.

"వందనాలమ్మా. ఇది బాగా రావాలి. మా సారు రోజూ కారు తీసే ముందు దీని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకునేవారు" అన్నారు టీచరమ్మ, ఆ ప్లాస్టిక్‌ను నిమురుతూ.

"దేవుని పని కదండీ, ఎందుకు రాదు" అన్నాను.

ఎంత ధైర్యంగా అన్నానో!

కడిగాం. ఆమె రుద్దింది. నేను ప్రైమర్ కొట్టి వరండాలో రెండు స్టూళ్ల మీద ఆరబెట్టాను. మర్నాడు పొద్దున గుడ్డతో దుమ్ము తుడిచి, రంగు కొట్టాను. కొడుతుండగానే ఎడమ పక్క రంగు వెనక్కి జరిగింది. గుండ్రంగా, చిన్న చిన్న గుంటలు. ప్రతి గుంటలోంచీ అడుగున ఉన్న ప్రైమర్ కన్నులా చూస్తోంది.

మా ఆయన కుర్చీలోంచి వంగి చూశారు. "నూనె" అన్నారు.

ప్లాస్టిక్ మీద నూనె చుక్క ఉంటే రంగు దాన్ని ముట్టదు, చుట్టూ తిరిగి పోతుంది. ఇది పెయింటర్లందరికీ తెలుసు. మళ్లీ అంతా ఆమె రుద్దింది, మళ్లీ నేను ప్రైమర్ కొట్టాను. ఈసారి గుంటలు ఎడమ పక్కా వచ్చాయి, నడుమా వచ్చాయి. అదే కారు చిన్న ముక్కలు, గాలి వచ్చే జల్లెళ్లు, గ్లవ్ బాక్స్ మూత, అన్నీ అద్దంలా వచ్చాయి. వాటిని నేను రుద్దాను. డ్యాష్‌బోర్డు ఆమె రుద్దింది.

"చూశావా? నువ్వు ముట్టుకున్నవి బాగున్నాయి. ఆ అమ్మాయి ముట్టుకున్నది పాడైంది. తలంతా నూనె, మాటిమాటికీ ముంగురులు వెనక్కి తోసుకుంటుంది. ఇంకెక్కణ్ణించి వస్తుంది?" అన్నారు మా ఆయన. గొంతు తగ్గించి అనడం ఆయనకు రాదు. షెడ్డులో కంప్రెసర్ మోతలో మాట్లాడిన గొంతు.

ఆమె పెరట్లోనే ఉంది. రుద్దుతున్న చెయ్యి ఆగింది.

మర్నాడు ఆమె వచ్చింది. గేటు తీసినా వాసన రాలేదు. కుంకుడుకాయతో తలంటుకుని, ఆ జుట్టునంతా ఒక తుండుగుడ్డలో బిగించి కట్టుకుంది. నూనె లేని తలతో గల్లీలో నడిచి రావడం ఆమెకు ఎంత కష్టమో ఆమె ముఖమే చెప్పింది.

"మా పెద్దపిల్ల నవ్వుతున్నదక్కా, అమ్మా పిచ్చిదాని లెక్క కనవడ్తున్నవ్ అని. కనవడనీ. రంగు పడ్తె సాలు."

చేతులు బూడిదతో తోముకుంది, మళ్లీ సబ్బుతో కడుక్కుంది. రోజంతా రుద్దింది. నేను ప్రైమర్ కొట్టాను.

ఆ వారమంతా సాయంత్రాలు టీచరమ్మ వస్తూనే ఉన్నారు. డ్యాష్‌బోర్డుకు రంగు పట్టడం లేదని విని ఆమె ముఖం చిన్నబోయింది. "ప్రార్థన చెయ్యాలమ్మా, అడ్డు వస్తోంది ఏదో" అనేవారు. వరండాలో స్టూలు పక్కన కుర్చీ వేసుకుని, డ్యాష్‌బోర్డు ముందు కళ్లు మూసుకుని కూర్చునేవారు. ఒక పెద్దామె భర్తను తలుచుకుని దేవునితో మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడడం మర్యాద కాదు కదా. మా ఆయన లోపలికి వెళ్లి పడుకునేవారు. నేను వంటింట్లోకి వెళ్లి, పొయ్యి దగ్గరే నేనూ ఒక మాట ప్రార్థించేదాన్ని, గుంటలు పోవాలని. నాకు పనిలో తోడు వచ్చే ఆమె నల్లాలో నీళ్లు వచ్చే వేళని అప్పటికే ఇంటికి పరుగెత్తేది.

మూడోసారీ గుంటలు వచ్చాయి. ఈసారి ఈ చివరి నుంచి ఆ చివరికి.

శుక్రవారం అది. మా ఆయన చాలాసేపు దగ్గారు. దగ్గు ఆగాక అన్నారు, "ఏళ్ల తరబడి నూనె పట్టిన చేతులు. ఒక్కరోజు తలంటుకుంటే పోతుందా? పని పేరు పోతోంది. ఆదివారం దాటాక ఆమెను రావద్దని చెప్పు."

"ఆదివారం దాటనివ్వండి ముందు" అన్నాను. ఆయన్ను కాదనడానికి నా దగ్గర వేరే కారణం లేదు. అవునని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అప్పటికి ఒళ్లంతా నొప్పులు. రుద్దిందే రుద్దడం, కొట్టిందే కొట్టడం. టీచరమ్మ సంఘంలో అందరికీ చెప్పేశారు, కారు వస్తుందని. నడవలేని వాళ్లలో ఒకామె అప్పుడే కొత్త చీర తీసి పెట్టుకున్నదట.

గోడలు పలచన. ఆమె విన్నది.

శనివారం పొద్దున ఆమె వచ్చి పనిలోకి దిగలేదు. వరండా మెట్టు మీద కూర్చుంది. చేతులు ఒడిలో పెట్టుకుంది.

"ఏమిటమ్మా అలా కూర్చున్నావు?" అన్నాను.

"ఇయ్యాల నేను ముట్టనక్కా. రుద్దుడు నువ్వే రుద్దు, కొట్టుడు నువ్వే కొట్టు. నేను అన్న ముంగట్నే గీడ కూసుంట. అన్న నా చేతులు సూస్తనే ఉండాలె. అయినా పాడైతె, గది నా నెత్తి నూనె కాదని ఒప్పుకోవాలె. మంచిగైతె నేనే పోత. నువ్వు చెప్పే తక్లీఫ్ సుత నీకొద్దు."

మా ఆయన ఆమె వైపు చూశారు. కుర్చీ ఆమెకు ఎదురుగా జరుపుకున్నారు.

నేనొక్కదాన్నే రుద్దాను. ఆమె వచ్చాక ఆ పని ఎంత కష్టమో నేను మరిచే పోయాను. వేళ్ల చివరలు మొద్దుబారిపోయాయి. నిజం చెప్పాలంటే ఏమి కోరుకోవాలో కూడా తెలియలేదు. రంగు బాగా వస్తే ఈమె అన్నం పోతుంది. పాడైతే టీచరమ్మ కారు ఆగిపోతుంది. ప్రభువా, నీ చిత్తం అనుకుని ప్రైమర్ కొట్టాను. ఎండ బాగా ఉంది. వరండాలోకి తెచ్చి స్టూళ్ల మీద పెట్టాను. మధ్యాహ్నానికి ఆరితే సాయంత్రంలోపు రంగు అయిపోతుంది.

ఆఖరి రోజని టీచరమ్మ ఆ రోజు ముందే వచ్చారు. వందనాలు అయ్యాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అలవాటు ప్రకారం మా ఆయన లేచి లోపలికి వెళ్లారు, నేను నీళ్లు తేవడానికి వెళ్లాను. మెట్టు మీద కూర్చున్న మనిషి మాత్రం కదల్లేదు. ఆమెకు ఇంకా నల్లా వేళ కాలేదు.

వంటింట్లో ఉండగానే కేక వినిపించింది.

"అమ్మా! గదేంది? గదేం పెడ్తున్నరు దానికి?"

పరుగెత్తుకొచ్చాను. టీచరమ్మ ఒళ్లో చేతిసంచి తెరిచి ఉంది. ఎడమ చేతిలో బొటనవేలంత సీసా. కుడిచేతి వేలు తడిగా మెరుస్తోంది. డ్యాష్‌బోర్డు మీద ఒక సిలువ గుర్తు అప్పుడే పెట్టారు, రెండోది సగంలో ఆగింది. కేకకు ఆమె వేలు గాల్లోనే ఉండిపోయింది.

"ప్రార్థన నూనె అమ్మా. మన పాస్టరు అయ్యగారు ప్రార్థించి ఇచ్చింది" అన్నారు టీచరమ్మ బెదిరిపోయి. "మొదటి రోజు నుంచీ పెడుతున్నాను కదా. మా సారు కూడా కారు కొన్న రోజున పెట్టారు. పాడవుతోందన్నారని రోజూ ఇంకాస్త ఎక్కువ పెడుతున్నాను."

తడి చీరల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించింది.

మొదటి రోజు ఎడమ పక్కన ఒక సిలువ. రంగు పట్టలేదని తెలిసి మర్నాడు నడుమ కూడా. అదీ పాడైందని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. పొద్దున్నే దుమ్ము తుడుస్తున్నాననుకుని నేనే గుడ్డతో ఆ నూనెను అంతటా పులిమాను. ప్రైమర్ నూనెను లోపలికి పీల్చేసుకుంటుంది, పైకి ఏమీ కనిపించదు. ఆ డ్యాష్‌బోర్డుకు జరిగినంత ప్రార్థన మా ఇంట్లో ఏ జబ్బుకీ జరగలేదు. వంటింట్లో నేను గుంటలు పోవాలని, వరండాలో ఆమె గుంటలు పోవాలని. దేవుడు ఇద్దరి మాటా వింటూ ఎంత ఓపిక పట్టాడో అని ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, తలుపు పట్టుకుని. ఆయాసం వల్ల అనుకున్నాను. ఆయన టీచరమ్మను చూడడం లేదు, మెట్టు మీది మనిషిని చూస్తున్నారు.

టీచరమ్మకు విషయమంతా చెప్పాల్సి వచ్చింది. చెప్పింది నేనే. వింటూ వింటూ ఆమె సీసా మూత పెట్టి, ఆ తుండుగుడ్డ కట్టుకున్న తల వైపు చూశారు. లేచి ఆమె దగ్గరికి వెళ్లారు.

"నా వల్ల నిన్ను మాటలన్నారా తల్లీ?"

"మీరేం జేస్తరమ్మా. దేవుని నూనెనే పెట్టిండ్రు గద" అంది మెట్టు మీది మనిషి. తర్వాత కొంచెం నెమ్మదిగా, "పెట్టుండ్రి. గని రంగు ఆరినంక పెట్టుండ్రి. ఇప్పుడైతె జెర జరుగుండ్రి, టైమైతున్నది."

లేచింది. చేతులు కడుక్కుంది. డ్యాష్‌బోర్డును బకెట్లో సబ్బునీళ్లతో మొదటి నుంచీ కడిగింది. కొత్త వాటర్ పేపర్ తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. నేను చెయ్యి కలపబోతే, "నువ్వు కూసో అక్కా, నీకు రుద్దరాదు" అంది. టీచరమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లు పోశారు. సాయంత్రం ఎండ తగ్గక ముందే మళ్లీ కొట్టిన ప్రైమర్ ఆరింది. నేను రంగు కొట్టాను. ఒకటో పొర, రెండో పొర. గన్ కింద రంగు నల్లగా, ఒక్కచోట కూడా వెనక్కి జరగకుండా పరుచుకుంటూ పోయింది. మిగతా ముగ్గురూ చీరల సందుల్లోంచి చూస్తూ నిలబడ్డారు.

మా ఆయన క్షమించు అని చెప్పలేదు. ఆ తరం మగవాళ్లకు ఆ మాట నోటికి రాదు, అందులోనూ పని దగ్గర. నేను టీ తెస్తే, "ముందు ఆమెకివ్వు" అన్నారు. అంతే. ఆయన మటుకు ఆయనకు అది చాలా పెద్ద మాట. ఆమె తీసుకుని తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది.

ఆదివారం కారు వచ్చింది. కొత్త చీర కట్టుకున్న ముసలావిడ ముందు సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు నిమిరి, అద్దంలా ఉందే అన్నది. మా ఆయన చర్చిలో వెనక బెంచీలో కూర్చుని దగ్గు ఆపుకుంటున్నారు.

కథ అక్కడ ఆగితే బాగుండేది. నిజం తేలింది, పని నిలబడింది, ఇంకేం కావాలి అనుకున్నాను. సోమవారం ఆమె మామూలుగానే వచ్చింది, మామూలుగానే రుద్దింది. నూనె వాసన మళ్లీ వచ్చింది. మాటలు మాత్రం తగ్గాయి. తల మీదికి చెయ్యి వెళ్లబోయి మధ్యలోనే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. మా ఆయన కూడా చూశారేమో, ఆమె పని చేసే వేళకు కుర్చీ ముందు గదిలోకి మార్పించుకున్నారు. మేం ఆమెను రావద్దని అనలేదు. ఆమె కూడా కొన్నాళ్ల దాకా ఏమీ అనలేదు.

పిల్లలూ, మీరు ఎన్ని పొరలు వేసినా సరే, అడుగున ఉన్నది కడగకపోతే పైన ఏదీ నిలవదు. ప్లాస్టిక్ సంగతే చెబుతున్నాను. మనుషుల సంగతి నాకు అంత బాగా తెలియదు. ఏ సబ్బుతో కడగాలో తెలిస్తే ఆ రోజుల్లోనే కడిగేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక రోజు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికిందని చెప్పింది. మా ఆయన లోపలి నుంచి విన్నారు, బయటికి రాలేదు. నా పని ఆగిపోకూడదని ఇంకొకామెను తనే తీసుకొచ్చి, రుద్దడం నేర్పి, అది సరిగ్గా వచ్చిందని తేలాకే మానింది. అంత మంచి మనిషిని నా దగ్గర కొన్నేళ్లు ఉంచినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. ఆమె పేరు రోజూ ప్రార్థనలో తలుస్తాను.

చాలా రోజులకు మోండా మార్కెట్‌లో కనిపించింది. రెండు చేతుల్లో కూరగాయల సంచులు, మెడలో కంపెనీ కార్డు. పిల్లల గురించి, మా ఆయన దగ్గు గురించి అడిగింది. నేనే ఉండబట్టలేక అడిగాను, "మా మీద కోపంతోనే వెళ్లావు కదూ?"

"కోపమేం లేదక్కా" అంది సంచులు కింద పెట్టి. "అన్న నాకు పని నేర్పిండు, ఎట్ల మరుస్త? గాడ పని సుత తక్లీఫే. రోజు పొద్దుమూకినంక గేటు కాడ నా సంచి ఇప్పి సూస్తరు." సంచులు మళ్లీ చేతికి తీసుకుంది. "గని అందరిది సూస్తరు."